తాడు విప్పిందెవరు?

రేవులో కట్టేసి ఉన్న పడవ తాడు ఎవరో రాత్రిపూట విప్పేశారు. తెల్లారేసరికి పడవ ఎటో కొట్టుకుపోయింది. హత్య లేదు, రక్తం లేదు, కిడ్నాప్ లేదు. క్రైమ్ సిరీస్‌లకి అలవాటుపడ్డ మనకి ఇదేం మిస్టరీ అనిపిస్తుంది. కానీ 1984లో బీబీసీ వాళ్ళు ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే సీరియల్ ఒకటి తీసి, అందులో సగం ఈ ఒక్క ప్రశ్న మీదే నడిపించారు.

సీరియల్ పేరు ‘స్వాలోస్ అండ్ అమెజాన్స్ ఫరెవర్!’. ఆర్థర్ రాన్సమ్ రాసిన పిల్లల సాహస నవలల వరసలోంచి రెండింటిని, 1934 నాటి ‘కూట్ క్లబ్’నీ 1940 నాటి ‘ది బిగ్ సిక్స్’నీ, తీసుకుని ఎనిమిది ఎపిసోడ్లు చేశారు. తమాషా ఏమిటంటే టైటిల్లో ఉన్న స్వాలోసూ అమెజాన్సూ ఇందులో ఎక్కడా కనపడరు. వాళ్ళు ఆ వరసలోనే వేరే నవలల్లోని పిల్లలు. జనం గుర్తుపట్టే పేరు కాబట్టి పైన తగిలించారంతే. టామ్ డడ్జన్‌గా వేసిన కుర్రాడు హెన్రీ డింబుల్‌బీ పెద్దయ్యాక బ్రిటిష్ ప్రభుత్వానికి ఆహార విధానం మీద నివేదిక రాశాడు. టామ్ తండ్రిగా వేసిన కాలిన్ బేకర్ అదే ఏడాది ‘డాక్టర్ హూ’లో డాక్టర్ అయ్యాడు. ఇవన్నీ క్విజ్ సంగతులు. నాకు కావలసింది ఆ తాడు, దాని చుట్టూ ఒక ఊరు ఏం నమ్మింది అన్నది.

కథ జరిగేది తూర్పు ఇంగ్లండ్‌లోని నార్ఫోక్ బ్రాడ్స్‌లో. నదులు, వాటిని ఆనుకుని లోతులేని చెరువులు, ఎటు చూసినా రెల్లు. బ్యూర్ నది ఒడ్డున హార్నింగ్ అనే ఊరు, నిజంగా ఉన్నదే. టామ్ ఆ ఊరి డాక్టరుగారబ్బాయి. స్నేహితులతో కలిసి పక్షుల గూళ్ళకి కాపలా కాసే క్లబ్బు ఒకటి నడుపుతుంటాడు. మొదటి కథలో, సెలవులకి వచ్చిన ఒక గోల బ్యాచ్ తమ మోటారు పడవని తెచ్చి సరిగ్గా ఒక కూట్ గూటికి అడ్డంగా కట్టేస్తారు. కూట్ అంటే నల్లటి ఒళ్ళు, నుదుటి మీద తెల్ల మచ్చ ఉండే నీటికోడి, మన చెరువుల్లోనూ ఉంటుంది. తల్లి గూటికి చేరలేకపోతోంది, గుడ్లు చల్లారిపోతున్నాయి. కాస్త పక్కకి జరపండి అని పిల్లలు మర్యాదగా అడిగితే కసిరి పంపేశారు. అప్పుడు టామ్ వెళ్ళి ఆ పడవ తాడు విప్పేస్తాడు. పడవల మీద బతికే ఊళ్ళో అంతకన్నా పెద్ద తప్పు లేదు. ఆ సంగతి తెలిసే చేస్తాడు. మిగతా కథంతా వాళ్ళు అతన్ని వెతకడం, అతను దాక్కోవడం. చివరికి ఆ పడవ బ్రేడన్ వాటర్‌లో గుంజకి గుద్దుకుని మునిగిపోతుంటే వచ్చి కాపాడేది టామ్ చిన్న స్నేహితులు ముగ్గురు: జో, బిల్, పీట్.

రెండో కథ ఈ ముగ్గురిది. పడవలు కట్టే పనివాళ్ళ పిల్లలు. ఒక ముసలి పడవకి పైకప్పూ పొయ్యీ పొగగొట్టమూ అమర్చుకుని, దానికి ‘డెత్ అండ్ గ్లోరీ’ అని పేరు పెట్టుకుని, రాత్రిళ్ళు అందులోనే పడుకుంటారు. ఉన్నట్టుండి పడవల తాళ్ళు ఊడిపోవడం మొదలవుతుంది, అదీ వీళ్ళు ఎక్కడ ఆగితే అక్కడే. వేరే ఊరు వెళ్తే ఆ ఊళ్ళో కూడా. తర్వాత పడవ సామాన్లు ఉండే చోట కొత్త కొక్కేలు పోతాయి. సరిగ్గా అదే సమయంలో ఈ పిల్లల చేతిలో వాళ్ళ స్థాయికి మించిన డబ్బు కనిపిస్తుంది. నిజానికది ఒక పెద్ద పైక్ చేపని పట్టినందుకు వచ్చింది. కానీ ఆ చేప సంగతి అప్పుడే బయటపెట్టం అని మాట ఇచ్చి ఉన్నారు. మాట నిలబెట్టుకుంటే దొంగలవుతారు, దొంగలు కాదని చెప్పుకోవాలంటే మాట తప్పాలి.

ఇప్పుడు ఆ ఊరివాళ్ళ వైపు నుంచి చూడండి. తాళ్ళు ఊడిన ప్రతి చోటా ఆ ముగ్గురూ ఉన్నారు. డబ్బు ఎక్కడిదంటే చెప్పరు. పైగా తాడు విప్పడం ఆ క్లబ్బుకి కొత్త కాదు, మొదటి నాలుగు ఎపిసోడ్లు చూసిన మనకే ఆ సంగతి తెలుసు. లెక్క ప్రకారం చూసినా వేళ్ళు వాళ్ళవైపే చూపిస్తాయి. కానిస్టేబుల్ టెడర్ దుర్మార్గుడేం కాదు, కళ్ళ ముందున్నదాన్ని నమ్మాడు. నిప్పు లేనిదే పొగ రాదు కదా.

ఈ సామెత మనం వాడినన్ని సార్లు ఇంకోటి వాడమేమో. దాని వెనక ఒక ఊహ ఉంది: పొగని ఎవరూ పనిగట్టుకుని తయారుచెయ్యరు అని. ‘ది బిగ్ సిక్స్’లో జరిగింది సరిగ్గా అదే. జార్జ్ ఔడన్ అనే కాస్త కలిగిన ఇంటి కుర్రాడు, పక్షి గుడ్లు ఎత్తుకెళ్ళి అమ్ముకునేవాడు, క్లబ్బు తనకి అడ్డం కాబట్టి, ఆ పిల్లలు ఎక్కడుంటే అక్కడికి వెళ్ళి తాళ్ళు విప్పుతూ పొగ పెడుతున్నాడు. ఊరివాళ్ళు చూసిన సాక్ష్యం అబద్ధం కాదు. ఎవరో పేర్చిపెట్టిన నిజం.

ఆ నీళ్ళ గురించే ఇంకో సంగతి చెప్పాలి. రాన్సమ్ ఈ నవలలు రాసే నాటికి బ్రాడ్స్ అంటే సహజంగా ఏర్పడ్డ చెరువులనే అందరూ అనుకునేవారు. 1950లలో జాయిస్ లాంబర్ట్ అనే వృక్షశాస్త్రవేత్త అడుగున మట్టిని పరీక్షించి, వాటి అంచులు నిటారుగా గోడల్లా ఉన్నాయని చూపించింది. మధ్యయుగాల్లో జనం పొయ్యిలోకి పీట్ తవ్వుకున్న గోతులవి, తర్వాత నీళ్ళు నిండాయి. వందల ఏళ్ళు చూసినవాళ్ళందరికీ సహజంగా కనపడింది మనిషి చేతిపని. పైనుంచి చూస్తే తేడా తెలీదు, అడుగుదాకా తవ్వాలనిపించినవాళ్ళకే తెలుస్తుంది.

ఇక్కడే అసలు ప్రశ్న. చేతిలో ఉన్న సాక్ష్యం ఒక మనిషివైపు చూపిస్తున్నప్పుడు అతన్ని దోషి అనుకోవడం తప్పా?

ఈ విషయం మీద అందరూ మొదట తలుచుకునే పేరు డబ్ల్యూ.కె. క్లిఫర్డ్. గణితవేత్త. 1877లో ‘ది ఎథిక్స్ ఆఫ్ బిలీఫ్’ అని ఒక వ్యాసం రాశాడు. పాత ఓడ బాగానే ఉందని తనకి తనే నచ్చజెప్పుకుని ప్రయాణికులని సముద్రంలోకి పంపిన యజమాని కథ అందులోదే. అది అందరికీ తెలుసు. దాని పక్కనే ఉన్న రెండో ఉదాహరణ తక్కువమందికి తెలుసు. ఒక ద్వీపంలో కొందరి మీద ఘోరమైన ఆరోపణలు వస్తాయి. ఆరోపించినవాళ్ళు ఊళ్ళో గోల గోల చేస్తారు. విచారణలో వాళ్ళు నిర్దోషులని తేలుతుంది. కాస్త కనుక్కుని ఉంటే ముందే తెలిసేదని కూడా తేలుతుంది. క్లిఫర్డ్ అంటాడు: ఒకవేళ వాళ్ళు నిజంగా దోషులే అయినా, ఆరోపించినవాళ్ళు తప్పు చేసినట్టే, ఎందుకంటే తగిన ఆధారం లేకుండా నమ్మారు.

మంచి మాట. కానీ హార్నింగ్ ఊరికి అది చాలదు. ఆ ఊరివాళ్ళకి ఆధారం ఉంది మరి.

ఈ కాలపు తత్వవేత్తల్లో రీమా బసు లాంటివాళ్ళు ఇంకో అడుగు ముందుకేశారు. ఒక మనిషి గురించి మనం ఏం నమ్ముతున్నామో అదే ఆ మనిషికి అన్యాయం కావచ్చు, పైకి ఒక్క మాట అనకపోయినా సరే, అంటారు. మొదట చదివినప్పుడు నాలోని ఇంజనీరు ఒప్పుకోలేదు. నమ్మకం నా చేతిలో ఉన్న స్విచ్చి కాదు కదా, డేటా ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. దానికి నన్ను తప్పుపట్టడమేమిటి?

ఈ సీరియల్ నాకు సాయపడింది ఇక్కడే. అందులో రెండు గుంపులున్నాయి. ఊరి దగ్గరున్న సాక్ష్యమే టామ్, డిక్, డొరోతియాల దగ్గరా ఉంది. ఊరికి తెలిసిన ప్రతిదీ వాళ్ళకీ తెలుసు. తేడా ఒక్కటే, జో, బిల్, పీట్ ఆ పని చెయ్యలేదు అన్న దగ్గర వీళ్ళు మొదలుపెట్టారు. అలా మొదలుపెట్టినందువల్ల ఒక ఖాళీ మిగిలింది: వీళ్ళు కాకపోతే మరెవరు? ఊరికి ఆ ఖాళీ లేదు. జవాబు దొరికేసిందనుకున్నారు కాబట్టి వెతకడం మానేశారు. పిల్లలు వెతికారు. రాత్రిపూట కాపు కాశారు, గుర్తులు పోల్చారు, ఏ రోజు ఎక్కడ ఏం జరిగిందో రాసుకున్నారు. చివరికి ఎరగా ఒక పడవని పెట్టి, డిక్ ఫ్లాష్ వెలిగించి ఫొటో తీశాడు. ఫొటోలో తాడు పట్టుకున్న చేతులు జార్జ్‌వి.

సాక్ష్యం చూశాక నమ్మాలి అని మనకి నేర్పుతారు. ఇక్కడ నమ్మకం ముందొచ్చింది. నమ్మారు కాబట్టి వెతికారు, వెతికారు కాబట్టి సాక్ష్యం దొరికింది.

మా ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళకి ఇది బాగా తెలిసిన వ్యవహారం. అర్ధరాత్రి సర్వర్ పడిపోతుంది. లాగ్స్‌లో చివరగా కోడ్ మార్చినవాడి పేరుంటుంది. అతని పేరు దొరకగానే కాల్‌లో ఉన్న పదిమందీ ఒక నిట్టూర్పు విడుస్తారు. ఆ నిట్టూర్పు చాలా ప్రమాదకరం. దాని తర్వాత వేసే ప్రతి ప్రశ్నా ‘అతను ఏం చేశాడు’ అనే తప్ప ‘ఏం జరిగింది’ అని ఉండదు. ఒకసారి రెండు రోజులు అలాగే ఒక జూనియర్ కోడ్‌ని తిప్పి తిప్పి చదివారు. మూడో రోజున తెలిసింది, ఎప్పుడో కొనిపెట్టిన సర్టిఫికేట్ గడువు తీరిపోయిందని. కోడ్ మారిన టైమూ, అది తీరిన టైమూ పక్కపక్కనే పడ్డాయంతే. ఎవరు అని కాక ఎలా అని అడగండి అనే పద్ధతి మా రంగంలో పుట్టింది దయతో అనుకుంటారు చాలామంది. అలా అడిగితేనే అసలు కారణం దొరుకుతుందని అనుభవంలో తెలిసి పుట్టింది.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. నమ్మకంతో మొదలుపెట్టడం అంత గొప్పదైతే, ‘మావాడు అలాంటివాడు కాదండీ’ అనే ప్రతి తల్లీ తండ్రీ గొప్పవాళ్ళే కావాలి. ఎన్ని ఘోరాలు ఆ ఒక్క వాక్యం చాటున దాక్కున్నాయో మనకి తెలుసు. నిజమే. జార్జ్ ఔడన్‌ని కాపాడింది కూడా నమ్మకమే. కలిగిన ఇంటి అబ్బాయి, చేతిలో ఖర్చులకి డబ్బులున్నవాడు, అతనెందుకు చేస్తాడు అన్నదే అతని ముసుగు.

రెండు నమ్మకాలకీ తేడా వెతుకులాటలో ఉంది. జార్జ్ మీద ఊరికున్న నమ్మకం ఏమీ వెతకలేదు, వెతకనక్కర్లేదు అని చెప్పింది. డిక్, డొరోతియాల నమ్మకం తనని తాను పణంగా పెట్టుకుంది. ఆ కెమెరా ఫ్లాష్‌లో పీట్ మొహం పడి ఉంటే? పడే అవకాశం ఉన్న చోటే కెమెరా పెట్టారు. అబద్ధమని తేలే దారి తెరిచి ఉంచి నమ్మడం వేరు, ఆ దారి మూసేసి నమ్మడం వేరు.

ఇంకొకటి కూడా గమనించాలి. ఈ నమ్మకం ఊళ్ళో సమానంగా పంచలేదు. ఉన్నవాడికి ఊరికే దొరికింది. పడవలు కట్టేవాళ్ళ పిల్లలు దాన్ని రాత్రిళ్ళు మేలుకుని సంపాదించుకోవాల్సి వచ్చింది. రాన్సమ్ దీని మీద ఉపన్యాసం ఇవ్వడు. కథ చివర్లో పిల్లలు తమ ఆధారాలన్నీ పట్టుకెళ్ళి ఊరి లాయరు ఫార్లాండ్ గారి ముందు పెట్టే దృశ్యం చూస్తే చాలు. నిందించినవాళ్ళు ఏమీ రుజువు చెయ్యక్కర్లేదు. నింద పడ్డవాళ్ళు ఫైలు తయారుచేసుకుని వెళ్ళాలి.

మనకి ఈ కథ కొత్తదేం కాదు. ప్రతి వినాయక చవితికీ అక్షింతలు చేతిలో పట్టుకుని వింటాం. శమంతకమణి పోయింది. కృష్ణుడు అంతకుముందు ఆ మణి అడిగాడు కాబట్టి అతనే తీసుకుని ఉంటాడని సత్రాజిత్తు అన్నాడు. ఊరు నమ్మింది. అప్పుడు కృష్ణుడు ఏం చేశాడు? అడవికి బయల్దేరాడు. ప్రసేనుడి శవం, సింహం అడుగుజాడలు, అవి ఆగిన చోట నుంచి ఎలుగుబంటి అడుగుజాడలు, గుహ. అచ్చమైన ఆరుబయటి డిటెక్టివ్ కథ. అక్కడ కూడా నింద పడ్డవాడే పరిశోధకుడు కావలసి వచ్చింది.

చిన్నప్పటి నుంచి నన్ను ఇబ్బంది పెట్టేది ఆ కథకి చెప్పే కారణం. కృష్ణుడి మీద నీలాపనింద ఎందుకు పడింది? చవితి చంద్రుణ్ణి చూశాడు కాబట్టి. అంటే లోపాన్ని కూడా నింద పడ్డవాడి ఖాతాలోనే రాశాం. సత్రాజిత్తు ఎందుకంత తొందరగా నమ్మాడు, ఊరెందుకు తలూపింది అని కథ విన్నాక ఇంట్లో ఎవరూ అడగరు. సత్రాజిత్తు సిగ్గుపడ్డాడు, మణితో పాటు సత్యభామనిచ్చి పెళ్ళి చేశాడు, అంతటితో లెక్క సరి. కూతుర్నిచ్చి తీర్చేసిన ఆ బాకీ గురించి ఇంకో వ్యాసం రాయొచ్చు.

సీరియల్లో ఫొటో దొరికింది. అడవిలో మణి దొరికింది. ఇంటిల్లిపాదీ చూసే మిస్టరీ మనతో చేసుకునే ఒప్పందమే అది: చివరికి నిజం బయటపడుతుంది, పిల్లలు నిశ్చింతగా పడుకోవచ్చు. ఆ ఒప్పందాన్ని నేను వెక్కిరించను. పదేళ్ళ పిల్లకి అది కావాలి, నాకూ కొన్ని శుక్రవారం రాత్రులు కావాలి. పైగా మనం మొదటి నుంచీ ‘డెత్ అండ్ గ్లోరీ’లోనే ఉన్నాం, వాళ్ళు చెయ్యలేదని మనకి ముందే తెలుసు. కాబట్టి టెడర్ మీద మనకి కోపం రావడం చాలా తేలిక. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఆ సౌకర్యం ఉండదు.

మా అపార్ట్‌మెంట్లో కొంతకాలం కింద గేటు దగ్గర పెట్టిన పార్సెళ్ళు పోవడం మొదలైంది. కెమెరా ఆ మూలకి కనపడదు. రెండో రోజుకల్లా గ్రూపులో ఒక పేరొచ్చింది, ఇస్త్రీ బట్టలు తెచ్చే అబ్బాయిది. పార్సెల్ పోయిన రెండు సార్లూ అతను సాయంత్రం వచ్చాడట. రోజూ సాయంత్రం వస్తాడు కాబట్టి ఎప్పుడు పోయినా ‘అతనొచ్చిన రోజే’ అవుతుంది. పిలిచి అడిగితే తడబడ్డాడు అన్నారు. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అని ఎవరో రాస్తే పది నవ్వు ఎమోజీలు పడ్డాయి. పదిమంది చుట్టూ నిలబడి నీ భుజం మీద బూడిద ఉందంటే ఎవరైనా తడుముకుంటారు. నేనైతే రెండు భుజాలూ తడుముకుంటాను. ఆ అబ్బాయి రావడం మానేశాడు. పార్సెళ్ళు తీసిందెవరో ఇప్పటికీ తెలీదు. అతను తియ్యలేదని కూడా నేను చెప్పలేను. ఫొటో లేదు. అతని కోసం రాత్రి మేలుకునే డిక్, డొరోతియాలు కూడా లేరు.

రాన్సమ్‌కి ఫొటో లేని జీవితం ఎలా ఉంటుందో తెలుసు. నవలలకి ముందు అతను రష్యా విప్లవాన్ని రాసిన విలేకరి. లెనిన్‌నీ ట్రాట్‌స్కీనీ ఎరిగినవాడు, ట్రాట్‌స్కీ సెక్రటరీ ఎవ్గేనియాని పెళ్ళి చేసుకున్నవాడు. స్వదేశంలో చాలామందికి అతను బోల్షివిక్. 1919లో ఇంగ్లండ్‌కి తిరిగి రాగానే స్కాట్లాండ్ యార్డ్‌కి తీసుకెళ్ళారు. అక్కడి అధికారి బాసిల్ థామ్సన్ నీ రాజకీయాలేమిటని అడిగితే, చేపలు పట్టడం అని జవాబిచ్చానని ఆత్మకథలో చెప్పుకున్నాడు. 2005లో బయటికొచ్చిన పాత ఫైళ్ళతో తెలిసింది, ఒకపక్క అతన్ని అనుమానిస్తున్న కాలంలోనే ఇంకోపక్క బ్రిటిష్ గూఢచారి సంస్థకి ఎస్.76 అనే సంకేతంతో సమాచారం ఇచ్చాడని. అంటే అతని దగ్గర కూడా పైకి చెప్పకూడని చేప ఒకటుంది. అసలు మనసు ఎటువైపు అన్నది జీవితచరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు.

ఇరవై ఏళ్ళ తర్వాత అతను రాసిన పిల్లల డిటెక్టివ్ నవల పేరు ‘ది బిగ్ సిక్స్’. అప్పట్లో స్కాట్లాండ్ యార్డ్ పెద్ద డిటెక్టివులని ‘బిగ్ ఫైవ్’ అనేవారు, దాని మీద ఆట అది. యార్డ్‌కి ఐదుగురుంటే మనం ఆరుగురం అంటారు పిల్లలు. ఆ ఆరుగురిలో ముగ్గురు అనుమానితులే. తన అనుభవాన్నే పిల్లల కథగా మార్చుకున్నాడని నేను అనను, అందుకు ఆధారం లేదు. కానీ ఆ పిల్లలకి దొరికిన ఫొటో అతనికి దొరకలేదన్నది మాత్రం తెలుసు.

అందుకని నాకు టెడర్ మీద ఉన్న ఫిర్యాదు అనుమానించడం గురించి కాదు. అనుమానం వస్తుంది, ఎవరూ ఆపలేరు. రీమా బసు గారితో నా పేచీ కూడా అక్కడిదాకానే. అనుమానం వచ్చాక వెతకడం ఆపాలా వద్దా అన్నది మాత్రం పూర్తిగా మన చేతిలో ఉంది. ఇంకా వెతుకుతూ ఉండగానే ఆ మనిషి మీద ఎంత బరువు వెయ్యాలి, పని మాన్పించాలా, గ్రూపులో పేరు రాయాలా అన్నవి కూడా మన చేతిలోవే. ఒక్కోసారి ఎంత వెతికినా ఏమీ దొరకదు. అప్పుడు ‘తెలీదు’ అన్న మాట దగ్గర ఆగి, ఆ అబ్బాయిని మునుపటిలాగే గేటులోంచి రానివ్వాలి. ఒకవేళ నిజంగా అతనే తీసుంటే ఇంకో పార్సెల్ పోతుంది. ఆ నష్టం భరించగలిగినవాళ్ళం మనమే.